ఆ రివెట్లు పీకెయ్యాలా, వదిలెయ్యాలా?

ప్రశ్న: నమస్కారమండీ. మాది హనుమకొండ. చాలా ఏళ్లుగా డాలస్ దగ్గర ఉంటున్నాం. సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. ప్రైవేట్ పైలట్ లైసెన్సు వచ్చాక కొన్నాళ్లు అద్దె విమానాలు నడిపి, చివరికి ధైర్యం చేసి, ఇంట్లో కట్టుకునే విమానాల కిట్లు అమ్మే వ్యాన్స్ కంపెనీ నుంచి ఆర్‌వి-7 విమానం తోక కిట్టు తెప్పించుకున్నాను. గరాజ్‌లో హారిజాంటల్ స్టెబిలైజర్ (తోకలో అడ్డంగా ఉండే చిన్న రెక్క), వర్టికల్ స్టెబిలైజర్ (నిలువుగా ఉండేది) పూర్తయ్యాయి. రడ్డర్ (విమానం ముక్కును పక్కలకు తిప్పే కదిలే భాగం) వెనక అంచు దగ్గర ఆగాను. ఆగడానికి కారణం వేరే ఉంది. హారిజాంటల్ స్టెబిలైజర్ వెనక స్పార్ (పొడవునా లోపల ఉండే దూలం) మీద కొన్ని రివెట్లు (రేకులను కలిపి బిగించే లోహపు మేకులు) సరిగా రాలేదనిపిస్తోంది. ఒకటి రెండు తీసి మళ్లీ కొట్టాను, బెజ్జం పెద్దదైంది. హైదరాబాద్ దగ్గర ఆదిభట్లలో సి-130 సైనిక రవాణా విమానాల తోకల పనిలో ఉన్న మా బాబాయి కొడుక్కి ఫొటోలు పంపితే "మా దగ్గరైతే ఇవి రిజెక్టే అన్నయ్యా" అన్నాడు. అప్పటి నుంచి నిద్ర సరిగా పట్టడం లేదు. ఆ మాట విన్న మా ఆవిడ "పిల్లల్ని ఇందులో ఎక్కిస్తావా?" అని అడిగితే ఏం చెప్పాలో తోచలేదు. రివెట్లన్నీ పీకి మళ్లీ కొట్టాలా? కొత్త స్పార్ తెప్పించుకోవాలా? లేక కిట్టు అమ్మేసి ఊరుకోవాలా? పేరు వేయకండి.

సమాధానం: ముందు డ్రిల్లు తీసి పక్కన పెట్టండి. ఇంకో రివెట్టు పీకేముందు ఇది పూర్తిగా చదవండి.

మీ ఉత్తరంలో నన్ను కంగారుపెట్టిన మాట ఒకటే, "తీసి మళ్లీ కొట్టాను, బెజ్జం పెద్దదైంది" అన్నది. ఇళ్లలో కట్టే తోకల్లో నేను చూసిన పాడైన బెజ్జాలు చాలావరకు ఇలాగే పాడయ్యాయి. మొదట కొట్టిన రివెట్టు బాగానే ఉంటుంది. చూడ్డానికి కాస్త వంకరగా ఉందని మనసు ఊరుకోదు. పీకుతాం. డ్రిల్లు పక్కకు జారుతుంది, బెజ్జం సాగుతుంది, రేకు మీద గీత పడుతుంది. అంతకుముందు లేని సమస్య అప్పుడు మొదలవుతుంది.

"సరిగా రాలేదనిపిస్తోంది" అన్నారు. రివెట్టు విషయంలో అనిపించడంతో పని లేదు, కొలత ఉంది. వెనక స్పార్‌కు రీయిన్‌ఫోర్స్‌మెంట్ పట్టీలు బిగించేవి 1/8 అంగుళం గుండ్రని తల రివెట్లు. అవతలివైపు అణిగిన తల, అంటే మనం షాప్ హెడ్ అనేది, వెడల్పులో రివెట్టు మందానికి ఒకటిన్నర రెట్లు, ఎత్తులో సగం ఉండాలి. 1/8 రివెట్టుకైతే వెడల్పు 0.1875 అంగుళం, ఎత్తు 0.0625 అంగుళం. రేకులకు వాడే 3/32 రివెట్టుకు వెడల్పు దాదాపు 0.14, ఎత్తు 0.047. ఇవి గురి పెట్టుకోవాల్సిన అంకెలు. ఇంతకు కాస్త అటూ ఇటూ అయినా ఒప్పుకుంటారు. ఎంతవరకన్నది మీ బిల్డర్స్ మాన్యువల్ సెక్షన్ 5లో చూడండి. రివెట్ గేజ్ అని చిన్న లోహపు బిళ్ల దొరుకుతుంది, దాంతో తల ఎత్తూ వెడల్పూ ఒక్క క్షణంలో తేలిపోతాయి. అది లేకపోతే డిజిటల్ క్యాలిపర్ చాలు.

ఇప్పుడు కాగితం, పెన్ను తీసుకుని స్పార్ దగ్గర కూర్చోండి. అనుమానం ఉన్న ప్రతి రివెట్టుకూ స్కెచ్ పెన్నుతో నంబరు వేయండి. పెన్సిల్ వద్దు, అల్యూమినియం మీద దాని గీత తుప్పుకు దారి తీస్తుంది. ఒక్కో నంబరుకు ఎదురుగా వెడల్పు, ఎత్తు రాసుకోండి. తల ఒకపక్కకు ఒరిగిందా, ఫ్యాక్టరీ తల (రివెట్టుకు ముందే ఉండే తల) కింద సందు ఉందా, చుట్టూ రేకు మీద గన్ను (రివెట్లు కొట్టే గాలి సుత్తి) దెబ్బ పడిందా అన్నవి కూడా రాయండి. ఈ పని చేసినవాళ్లు చాలామంది సగం రివెట్లను అక్కడే అనుమానాల జాబితాలోంచి తీసేస్తారు. మీరు కూడా తీసేస్తారని నా నమ్మకం.

మిగిలినవాటిలో ఏది నిజంగా ముఖ్యమో చెబుతాను. తల ఎత్తు ఎక్కువగా ఉంటే, అంటే చాలినంత అణగకపోతే, పీకనక్కర్లేదు. బకింగ్ బార్ (కాడ చివర ఆనించే బరువైన లోహపు దిమ్మ) మళ్లీ ఆనించి ఇంకో రెండు దెబ్బలు వేస్తే సరిపోతుంది. కాస్త ఎక్కువ అణిగి పలచబడితే చాలాసార్లు వదిలెయ్యవచ్చు. తల కొంచెం పక్కకు జరిగినా బెజ్జం పూర్తిగా మూసుకుని ఉంటే కంగారు పడనక్కర్లేదు. వదలకూడనివి వేరే ఉన్నాయి. తల పూర్తిగా పక్కకు పడుకుని బెజ్జం అంచు కనిపించడం, రెండు రేకుల మధ్య రివెట్టు ఉబ్బి వాటిని ఎడంగా నిలబెట్టడం, ఫ్యాక్టరీ తల కింద ఫీలర్ గేజ్ (సందు కొలిచే పలచని లోహపు రేకు) దూరిపోవడం, తల మీద పగులు, పక్క రేకులో పగులు. వీటిలో ఏదైనా ఉంటే తీయాల్సిందే. కానీ ఈ రోజు కాదు.

తీయడానికి ఒక పద్ధతి ఉంది. మనం వాడే ఏడీ రకం రివెట్టు ఫ్యాక్టరీ తల నడిమధ్య చిన్న గుంట ఉంటుంది. మనకు అది వరం. డ్రిల్లు మొనను ఆ గుంటలో పెట్టి, మొదట చేత్తోనే రెండు మూడు తిప్పులు తిప్పి కూర్చోబెట్టాలి. 1/8 రివెట్టుకు నంబర్ 30 బిట్టు, 3/32కు నంబర్ 40. తల లోతు వరకే డ్రిల్లు చేయాలి, రేకులోకి పోకూడదు. తర్వాత అంతే మందం ఉన్న పిన్ పంచ్ ఆ గుంటలో పెట్టి పక్కకు ఒరిగిస్తే తల టక్కున ఊడుతుంది. మిగిలిన కాడను కొట్టేముందు అవతలివైపు, షాప్ హెడ్ పట్టేంత బెజ్జం ఉన్న చెక్కముక్క ఆనించాలి. లేకపోతే ఆ దెబ్బకు రేకు వంగుతుంది. అప్పటికీ కాడ రాకపోతే బలవంతం చేయకుండా కాడ మధ్యలోంచి చిన్న బిట్టుతో డ్రిల్లు చేయాలి, దాని గోడలు పలచబడి లోపలికి కుంగుతాయి. ఇదంతా స్పార్ మీద చేయడానికి ముందు, అదే మందమున్న తుక్కు రేకు ముక్కల మీద వరసగా రివెట్లు కొట్టి, వరసగా పీకండి. కొట్టడం అందరూ సాధన చేస్తారు. పీకడం ఎవరూ సాధన చేయరు. అందుకే పీకేటప్పుడు పాడవుతుంది.

ఇప్పటికే పెద్దదైన ఆ బెజ్జాల సంగతి. 1/8 బెజ్జం సాగితే తర్వాతి సైజు 5/32 రివెట్టు వేయడం మామూలే. దానికి ఒక షరతు ఉంది. బెజ్జం మధ్య నుంచి రేకు అంచు వరకు దూరం కనీసం రివెట్టు మందానికి రెండింతలు ఉండాలి, అంటే 5/16 అంగుళం. ఆ దూరం ఉందో లేదో కొలిచి, ఫొటో తీసి, కొలతలతో సహా వ్యాన్స్ టెక్నికల్ సపోర్ట్‌కు రాయండి. డిజైన్ వాళ్లది, ఆ ఒక్క రివెట్టు ఎంత భారం మోస్తుందో వాళ్లకు తెలుసు. వెనక స్పార్‌కు ఎలివేటర్లను (విమానం ముక్కును పైకీ కిందికీ తిప్పే కదిలే భాగాలు) పట్టి ఉంచే హింజ్ బ్రాకెట్లు, అంటే కీళ్లు, ఉంటాయి కాబట్టి అక్కడ మీ సొంత తీర్పు వద్దు, నాదీ వద్దు. ముందుముందు రేకుల మీద 3/32 ఫ్లష్ రివెట్టుకు (తల రేకుతో సమంగా ఉండేది) ఇలాగే జరిగితే ఊప్స్ రివెట్టు అనేది ఉంది. కాడ 1/8, తల మాత్రం చిన్నది. ఉన్న డింపుల్‌లోనే (తల కూర్చోడానికి రేకును నొక్కి వేసే గుంట) దాదాపు సరిపోతుంది. కొన్ని దగ్గర ఉంచుకోండి.

స్పార్ కొత్తది తెప్పించాలా అన్నదానికి జవాబు ఆ కొలతల కాగితంలోనే వస్తుంది. ఒకటి రెండు బెజ్జాల కోసం పూర్తయిన స్టెబిలైజర్ అంతా విప్పితే విప్పే క్రమంలో ఇంకో వంద బెజ్జాల మీద డ్రిల్లు పెట్టాల్సి వస్తుంది. వ్యాన్స్ వాళ్లు "మార్చు" అంటే మార్చండి. వాళ్లు అనకుండా మార్చకండి.

మీ తమ్ముడి మాటకు వద్దాం. అతను తప్పు చెప్పలేదు. సి-130జె హెర్క్యులీస్ తోకలు ఆదిభట్లలో తయారై అమెరికా వెళ్తున్నాయి. రోజూ ఆ పని చూసే కన్ను అతనిది. ఆ కంటికి మీ ఫొటోలు నచ్చకపోవడంలో వింత లేదు. కాకపోతే ఫొటోలో తల ఎత్తు తెలియదు, వెలుగు ఒక పక్క నుంచి పడితే నిటారు తల కూడా ఒరిగినట్టు కనిపిస్తుంది. అతనికి ఫొటోలు కాకుండా కొలతల కాగితం పంపండి. అప్పుడు అతని జవాబు మీకు నిజంగా పనికొస్తుంది, ఆ అనుభవం ఊరికే వదులుకోవద్దు.

అతని మాటలోంచి మీరు తీసుకోవాల్సింది ఇంకోటి ఉంది. ఏ విమాన ఫ్యాక్టరీలోనైనా రివెట్టు కొట్టినవాడు ఒకడు, చూసి సంతకం పెట్టేవాడు ఇంకొకడు. మీ గరాజ్‌లో ఆ రెండోవాడు లేడు. కొట్టేదీ మీరే, చూసేదీ మీరే, రాత్రి పదకొండింటికి మంచం మీద పడుకుని తీర్పు చెప్పేదీ మీరే. మీకు నిద్ర పట్టకపోవడానికి కారణం రివెట్లు కాదు, ఇదేనని నాకనిపిస్తోంది. పని బాగుందో లేదో ఒక్కరే తేల్చుకోవాల్సి వస్తే ఎంత నైపుణ్యం ఉన్నవాడికైనా టెన్షనే.

దీనికి మందు ఉంది, అదీ ఖర్చు లేకుండా. ఈఏఏ, అంటే ఎక్స్‌పెరిమెంటల్ ఎయిర్‌క్రాఫ్ట్ అసోసియేషన్, 1953లో పుట్టిన సంస్థ. ఏటా ఆష్‌కాష్‌లో జరిగే పెద్ద విమానాల జాతర వాళ్లదే. ఆ సంస్థకు టెక్నికల్ కౌన్సిలర్లు ఉంటారు. సొంతంగా విమానాలు కట్టినవాళ్లు, మెకానిక్కులు, ఇన్‌స్పెక్టర్లుగా చేసినవాళ్లు. సభ్యులు పిలిస్తే మీ గరాజ్‌కే వచ్చి, పని చూసి, ఏది బాగుందో ఏది లేదో చెబుతారు, డబ్బు తీసుకోరు. డాలస్ చుట్టుపక్కల ఈఏఏ చాప్టర్లకు కొదవ లేదు. ఈ వారమే ఫోన్ చేయండి. ఎలివేటర్లు మూయకముందు ఒకసారి, రెక్కల పని మొదలయ్యాక ఒకసారి, ఇలా పిలుస్తూనే ఉండండి. మూసిన తర్వాత లోపలి రివెట్టు ఎవరికీ కనపడదు. ఆయన వచ్చేసరికి మీ నంబర్లు, కొలతలు సిద్ధంగా ఉంటే, గేజ్ తీసి ఒక్కోటి చూసి "ఇది ఉంచు, ఇది తీయి" అనడానికి ఎంతోసేపు పట్టదు.

ఆయనతో కలిసి చూడాల్సినవి ఇంకో రెండున్నాయి. 2014లో వ్యాన్స్ ఒక సర్వీస్ బులెటిన్ ఇచ్చింది. ఎగురుతున్న ఆర్‌వి-6, 7, 8 విమానాల్లో కొన్నింటికి హారిజాంటల్ స్టెబిలైజర్ ముందు స్పార్‌లో, మధ్యభాగానికి దగ్గర్లో, పగుళ్లు కనిపించాయి. అక్కడ బలం కోసం అదనపు పట్టీలు వేయడం దానికి పరిష్కారం. మీ స్టెబిలైజర్‌లో అవి పడ్డాయో లేదో ప్లాన్లతో పోల్చి చూడండి. రెండోది, మీ కిట్టు ఎవరి దగ్గరైనా సెకండ్‌హ్యాండ్‌లో కొన్నదా, లేక 2022, 2023 ప్రాంతంలో ప్యాక్ అయినదా అన్నది. ఆ రోజుల్లో కొన్ని భాగాల బెజ్జాలు లేజర్‌తో కోశారు. డింపుల్ వేసేటప్పుడు ఆ బెజ్జాల అంచుల్లో పగుళ్లు వచ్చాయి. కంపెనీ ఆ భాగాల జాబితా ఇచ్చి, చాలావాటిని మార్చింది. 2023 డిసెంబరులో కంపెనీ దివాలా రక్షణ కోరడానికి అది కూడా ఒక కారణం, తర్వాత 2024లో బయటపడింది. మీ భాగాల నంబర్లు ఆ జాబితాతో సరిచూసుకోండి. లేజర్ సంగతి పక్కన పెట్టినా, డింపుల్ వేసే ముందు ప్రతి బెజ్జం అంచూ నున్నగా చేయాలన్న నియమం వెనక ఉన్న కారణం ఇదే. అంచులో కంటికి కనపడని చిన్న గంటు ఉన్నా, డింపుల్ డై రేకును సాగదీసినప్పుడు పగులు అక్కడి నుంచే మొదలవుతుంది. డీబరింగ్ టూల్‌ను రెండు తిప్పులు మెల్లగా తిప్పి, వేలి చివరతో తడిమి చూడండి. ఎక్కువ తిప్పితే అంచు కత్తిలా పలచబడుతుంది, అదీ మంచిది కాదు.

ఇక రడ్డర్ వెనక అంచు. మీరు అక్కడ ఆగారు, మంచి పనే చేశారు. తోక మొత్తంలో తొందర ఎక్కువ నష్టం చేసేది అక్కడే.

రెండు పలచని రేకులు, మధ్యలో సన్నని అల్యూమినియం వెడ్జ్, అంటే చీలలా ఉండే పట్టీ. మూడింటినీ కలిపి రెండువైపులా ఫ్లష్‌గా వచ్చేలా రివెట్లు కొట్టాలి. బెజ్జాలు తుది సైజుకు చేసేటప్పుడు డ్రిల్లు రేకుకు లంబంగా పెట్టాలనిపిస్తుంది. అలా కాదు, రడ్డర్ మధ్యతలానికి లంబంగా పెట్టాలి. రేకు ఏటవాలుగా ఉంటుంది కాబట్టి ఈ తేడా వస్తుంది. వెడ్జ్ బెజ్జాలకు రెండువైపులా కౌంటర్‌సింక్ (తల దిగేలా కోసే గుంట), రేకులకు డింపుల్. ఇంతవరకు అందరూ బాగానే చేస్తారు. వంకర వచ్చేది కొట్టేటప్పుడు.

రివెట్టు అణిగిన ప్రతిసారీ దాని చుట్టూ ఉన్న లోహం రవ్వంత సాగుతుంది. ఒక చివర మొదలుపెట్టి వరసగా రెండో చివరకు కొట్టుకుంటూ పోతే ఆ సాగుదల అంతా ఒకవైపే పోగై, అంచు నిప్పుల మీద కాల్చిన అప్పడంలా మెలి తిరుగుతుంది. ఒకసారి తిరిగితే మళ్లీ చక్కబడదు. అందుకని ముందు నిటారైన అల్యూమినియం యాంగిల్ తీసుకుని, అంచు బెజ్జాలకు సరిగ్గా ఎదురుగా దానికీ బెజ్జాలు వేసుకోండి. వెడ్జ్‌కు రెండువైపులా పలచగా ట్యాంక్ సీలెంట్ పూసి, రేకుల మధ్య పెట్టి, ఒకటి విడిచి ఒక బెజ్జంలో క్లీకోలతో (తాత్కాలికంగా బిగించే స్ప్రింగు పిన్నులు) ఆ యాంగిల్‌కు బిగించండి. సీలెంట్ గట్టిపడే వరకు, రోజులు పట్టినా, ముట్టుకోకండి. సీలెంట్ మెత్తగా ఉంటుంది, చేతులు, గరాజ్ అంతా అంటుకుంటుంది. అది నచ్చనివాళ్లు సన్నని డబుల్ సైడ్ టేపు వాడతారు. రెంటితోనూ తిన్నని అంచులు చూశాను. నాకు సీలెంటే ఇష్టం.

గట్టిపడ్డాక యాంగిల్ తీసి, బల్ల మీద బ్యాక్ రివెట్ ప్లేటు (నున్నని ఉక్కు పలక) పరిచి, రడ్డర్‌ను దానిమీద ఆనించండి. రివెట్లన్నీ ఒకేవైపు నుంచి దూర్చి, తలల మీద టేపు వేసి కింద ప్లేటుకు ఆనించండి. పైకి వచ్చిన కాడలను ఒకేసారి పూర్తిగా అణచకండి. మొదట సుమారు పదింటికొకటి చొప్పున, సగం మాత్రమే. తర్వాత వాటి మధ్యలోవి, మళ్లీ వాటి మధ్యలోవి. అన్నీ సగం అణిగాక తిన్నని కర్ర పెట్టి అంచు వెంట చూడండి. బాగుంటేనే రెండో విడత పూర్తిగా అణచండి, అదీ చెదురుమదురుగానే. గన్ను గాలి తగ్గించి పెట్టుకోండి. 3ఎక్స్ గన్ను అయితే 3/32 రివెట్లకు 30 పీఎస్‌ఐ చుట్టుపక్కల మొదలుపెట్టి, తుక్కు ముక్క మీద సరిచూసుకున్నాకే రడ్డర్ దగ్గరకు తీసుకురండి. మధ్యలో ఎక్కడైనా వంపు కనిపిస్తే ఆపి, మర్నాడు చూడండి.

ఈ అంచు ఇంత తిన్నగా ఎందుకుండాలంటే, 200 మైళ్ల వేగంలో దాని చిన్న వంపు కూడా ట్రిమ్‌లా పనిచేస్తుంది. కుడికి వంగితే ఒకవైపు, ఎడమకైతే ఇంకోవైపు రడ్డర్ తనంతట తాను తిరగబోతుంది. ప్రయాణమంతా ఒక కాలు పెడల్ మీద నొక్కి ఉంచాల్సి వస్తుంది.

ఎలివేటర్లకు వెనక అంచులో వెడ్జ్ ఉండదు, ఒకే రేకు మడత. మడత సరిగ్గా పడాలి. మడత దగ్గర రేకు ఉబ్బెత్తుగా మిగిలిపోతే కంట్రోల్ తీరు మారుతుంది. లోపల స్టిఫెనర్ల (రేకును గట్టిగా నిలిపే పట్టీలు) చివరలు ఆ మడతకు దగ్గరగా వస్తాయి. ఏళ్లు గడిచాక పగుళ్లు మొదలయ్యే చోటు అది. మూసేముందు ఎదురెదురు స్టిఫెనర్ల చివరలను కలిపేలా ఒక ముద్ద ఆర్‌టీవీ సిలికాన్ పెట్టడం మరిచిపోకండి, రేకు అదురుడు తగ్గుతుంది. ముందు కొనల్లో పెట్టే సీసం దిమ్మల విషయంలో మాత్రం రాజీ వద్దు. ఎలివేటర్ బరువు హింజ్‌కు వెనకవైపు ఎక్కువైతే ఒక వేగం దాటాక అది కొట్టుకోవడం మొదలుపెడుతుంది, ఫ్లట్టర్ అంటారు. మొదలైతే క్షణాల్లో తోక ముక్కలవుతుంది. రంగు వేశాక బరువు వెనకవైపే పెరుగుతుంది కాబట్టి అప్పుడు మళ్లీ బ్యాలెన్స్ చూడాలి. మీరు వెనక స్పార్ రివెట్ల గురించి పడుతున్న బెంగలో కొంత ఇటు మళ్లించండి.

ప్రైమర్ గురించి మీరు అడగలేదు, కానీ తర్వాత అడుగుతారు. కిట్టులో రేకులు చాలావరకు ఆల్‌క్లాడ్, పైన స్వచ్ఛమైన అల్యూమినియం పొర ఉంటుంది. ప్రైమర్ లేకుండా దశాబ్దాలుగా ఎగురుతున్న విమానాలు ఉన్నాయి. నా సలహా, రెండు లోహాలు కలిసేచోట, ఆల్‌క్లాడ్ పొర లేని యాంగిళ్లకు, బార్లకు ప్రైమర్ వేయండి, మిగతాది మీ ఇష్టం. రెండు డబ్బాలు కలిపి వాడే రకమైతే సరైన రెస్పిరేటర్ లేకుండా ముట్టుకోవద్దు. ఇంటిని ఆనుకున్న గరాజ్‌లో, పిల్లలు ఇంట్లో ఉండగా అసలే వద్దు.

ఇక మీ ఆవిడ అడిగిన ప్రశ్న. ఆమెది భయమని తీసిపారేయకండి, చాలా సరైన ప్రశ్న. దానికి నిజాయితీగా జవాబు చెప్పాలి. సొంతంగా కట్టిన విమానాలకు ఫ్యాక్టరీ విమానాల కంటే ప్రమాదాలు ఎక్కువ. 2012లో అమెరికా ప్రమాదాల దర్యాప్తు సంస్థ ఎన్‌టీఎస్‌బీ ఈ విషయం మీద పెద్ద అధ్యయనమే చేసింది. ఎక్కువగా కనిపించిన కారణాలు ఇంజిన్ విఫలం కావడం, గాలిలో పైలట్ విమానం మీద అదుపు కోల్పోవడం. మొదటి కొద్ది గంటల ఎగరడంలో, చేతులు మారిన కొత్తలో ప్రమాదాలు ఎక్కువగా జరిగాయని తేలింది. అంటే పిల్లల భద్రత గురించి ఆలోచించేటప్పుడు మీరు ఎక్కువ కష్టపడాల్సింది ఇంధన పైపుల దగ్గర, ఇంజిన్ అమరిక దగ్గర, అన్నింటికంటే ముఖ్యంగా ఆర్‌వి నడపడంలో విడిగా తీసుకునే శిక్షణ దగ్గర. ఇది ఆమెతో కూర్చుని చెప్పండి. విమానం పూర్తయ్యాక మొదటి దశలో, ఇంజిన్, ప్రొపెల్లర్ జతను బట్టి మామూలుగా 25 లేదా 40 గంటలు, ప్రయాణికులను ఎక్కించడం చట్టం ఒప్పుకోదని కూడా చెప్పండి. ఆ తర్వాత కూడా, ఇది ఇంట్లో కట్టిన విమానమనీ ఫ్యాక్టరీ విమానాల భద్రతా నిబంధనలకు లోబడలేదనీ హెచ్చరించే పట్టీ లోపల అందరికీ కనపడేలా ఉండి తీరాలి. దాచడానికి ఏమీ లేదు, దాచకండి. ఆమెది రెండు సీట్ల విమానం గురించిన ప్రశ్న కూడా. ఆర్‌వి-7లో మీ పక్కన ఒక్కరే కూర్చోగలరు. కుటుంబమంతా కలిసి వెళ్లాలన్నది మీ కోరికైతే, రెక్కల కిట్టు ఆర్డరు చేయకముందే ఆ మాట ఇద్దరూ తేల్చుకోండి. నాలుగు సీట్ల ఆర్‌వి-10 వేరే విమానం, వేరే తోక, ఖర్చు కూడా చాలా ఎక్కువ.

ఆమెకు ఇష్టమైతే, ఇష్టమైతేనే, ఒక సాయంత్రం గరాజ్‌కు రమ్మనండి. గన్ను పట్టుకునేవాళ్లు ఒకరు, వెనక బకింగ్ బార్ పట్టేవాళ్లు ఒకరు కావాలి, పెద్ద రేకులకు ఒక్కరితో కష్టమైన పని. చెవులకు మఫ్స్, కళ్లకు అద్దాలు పెట్టుకున్నాక ఒకరి మాట ఒకరికి సరిగా వినపడదు కాబట్టి మాటలు ముందే అనుకోండి. మీరు "సిద్ధం" అనాలి, ఆమె బార్ ఆనించి "పట్టుకున్నా" అనేవరకు ట్రిగ్గర్ మీద వేలు పెట్టకూడదు. ఆమె "చాలు" అంటే చాలు, తల చూసేది ఆమెకే కాబట్టి. చాలా ఇళ్లలో ఈ పనికి భార్య చెయ్యే స్థిరంగా ఉంటుంది. గేజ్ కూడా ఆమెకే ఇవ్వండి. మీరు కొట్టినదాన్ని ఇంకొకరు చూసినట్టవుతుంది. అప్పుడు "పిల్లల్ని ఎక్కిస్తావా" అన్న ప్రశ్నకు జవాబు ఆమెకు మీ నోటి నుంచి రావాల్సిన పని ఉండదు. ఇష్టం లేకపోతే బలవంతం వద్దు, చాప్టర్‌లో చేతిసాయం చేసేవాళ్లు దొరుకుతారు.

రాత్రి తొమ్మిది దాటాక గన్ను ముట్టుకోకండి. ఇరుగుపొరుగు గురించి మాత్రమే కాదు. ఆఫీసులో పగలంతా స్క్రీన్ చూసి అలసిపోయిన కళ్లతో కొట్టిన రివెట్లే మర్నాడు పీకాల్సి వచ్చేవి. అలాంటి రాత్రుల్లో రేకుల అంచులు ఆకురాయితో నున్నగా చేయడం, బెజ్జాలు డీబర్ చేయడం, నీలం ప్లాస్టిక్ పొర తీయడం లాంటి పనులు పెట్టుకోండి. ఆ పొర ఏళ్ల తరబడి అలాగే ఉంచితే కింద తుప్పు పట్టవచ్చు కాబట్టి అదీ అవసరమైన పనే.

చివరగా, అమ్మేయాలా అన్నది. కంపెనీలు తోక కిట్టును విడిగా, ముందుగా అమ్మడంలో ఒక మంచి ఉంది. మొత్తం విమానం ఖర్చులో ఇది చిన్న భాగం. పనిలో వాడే పద్ధతులన్నీ ఇందులో వచ్చేస్తాయి. ఇవి చేశాక కూడా గరాజ్‌లోకి వెళ్లాలనిపించకపోతే ఆపడంలో నామోషీ ఏమీ లేదు, చాలామంది ఆపారు. కానీ నిద్ర పట్టని రాత్రి ఆ నిర్ణయం తీసుకోకండి. కౌన్సిలర్ వచ్చి చూసి వెళ్లాక, రడ్డర్ అంచు కొట్టాక తీసుకోండి. ఏ నిర్ణయమైనా, ఈ రోజు నుంచే రాసుకునే పుస్తకం మొదలుపెట్టండి. ఏ రోజు ఏం చేశారు, ఎంతసేపు చేశారు, మీ చేతులు, మీ ముఖం కనిపించే ఫొటోలు. పీకిన రివెట్లు, వ్యాన్స్ ఇచ్చిన జవాబు, కౌన్సిలర్ మాట, అన్నీ అందులో ఉండాలి. మీరే పూర్తి చేస్తే, సగం పైగా పని ఔత్సాహికులే చేశారని అమెరికా విమానయాన నియంత్రణ సంస్థ ఎఫ్‌ఏఏకు చూపించేది అదే. ఏటా చేయాల్సిన కండిషన్ ఇన్‌స్పెక్షన్ మీరే చేసుకునే రిపేర్‌మన్ సర్టిఫికెట్ అడిగేటప్పుడూ ఆ పుస్తకమే చూపించాలి. అమ్మితే, కొనేవాడికి మీరు చేసిన పని కూడా ఆ సగంలో లెక్కకు రావాలంటే అది కావాలి, కాబట్టి కిట్టుతో పాటు ఆ పుస్తకం కూడా ఇవ్వండి.